మేజర్ కామేశం విన్న మాట

మహబూబాబాద్,
20 ఆగస్టు 2011

ధన్‌సింగ్ అన్నకు,

మూడు రోజులుగా నీకు ఫోన్ చేస్తున్నాను. మొదటిరోజు ఎత్తి సిగ్నల్ లేదన్నావు. తర్వాత ఎత్తడమే మానేశావు. భూపాలపల్లి బొగ్గుగని గేటు దగ్గర కాపలా కూర్చునే మనిషికి సిగ్నల్ లేకపోయినా పోస్ట్‌మ్యాన్ ఉంటాడు కదా అని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిన్న మా బడికి జనగామ నుంచి ఇద్దరు యువకులు వచ్చారు. ఏదో యువజన సంఘమట. చేతిలో కరపత్రాల కట్ట. దాని మీద మా అన్న అమర్‌సింగ్ ఫోటో, యూనిఫారంలో ఉన్నది. ఎవరిచ్చారంటే నువ్వేనన్నారు. ఫోటో కింద పెద్ద అక్షరాలతో "ఆంధ్ర అధికారి పిరికితనానికి బలైన తెలంగాణ బిడ్డ" అని ఉంది. 1987లో మన సైన్యం శ్రీలంకకు పోయినప్పుడు, జాఫ్నా పట్నంలో ఇళ్ళ మధ్య జరిగిన పోరాటంలో, కెప్టెన్ కామేశం తన ప్రాణం దక్కించుకోవడానికి మా అన్నను మిద్దె మీద వదిలేశాడట. దిగి రమ్మని ఆర్డరే ఇవ్వలేదట. సాక్షి ఎవరంటే ఆ రోజు రేడియో సెట్టు పట్టుకున్న ధన్‌సింగ్, అంటే నువ్వు.

ఆ కెప్టెన్ తర్వాత మేజరై రిటైరయ్యారు. భార్య జనగామ దవాఖానలో నర్సు కాబట్టి అక్కడే ఉండిపోయారు. ఊరి చివర ఖాళీ మైదానంలో పిల్లలకు ఆర్మీ సెలక్షన్ కోసం పరుగులు నేర్పిస్తారు. అక్టోబర్ తొమ్మిదిన సభ పెట్టి ఆయన్ను ఆ మైదానం నుంచి, ఊరి నుంచి పంపించేస్తారట. నువ్వు మాట్లాడతావట. అమరుడి చెల్లెలిగా నన్ను వేదిక మీద కూర్చోబెడతారట.

తెలంగాణ రావాలని బడి మానేసి రోడ్డు మీద కూర్చున్నదాన్నే నేను. పోయినేడు మానుకోట స్టేషన్లో రాళ్ళు లేచిన రోజు అక్కడే ఉన్నాను. ఆ విషయంలో నాకెవరూ పాఠం చెప్పక్కర్లేదు. కానీ మా అన్న ఫోటో పట్టుకుని ఒక మనిషిని ఊరి నుంచి వెళ్ళగొట్టేటప్పుడు ఆ మనిషి చేసిందేమిటో నాకు తెలియాలి. అన్న పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. సెట్టు చెడిపోయింది, కబురు అందలేదు అని ఇంట్లో చెప్పుకున్నారు, అదే విన్నాను. ఇప్పుడు నువ్వు ఇంకోటి చెబుతున్నావు. జరిగిందంతా రాసి పంపు. చదివాకే వేదిక ఎక్కుతాను.

చెల్లె,
శోభ

*

భూపాలపల్లి,
29 ఆగస్టు 2011

చెల్లె శోభకు,

ఉత్తరం అందింది. టీచర్లు ఉత్తరం రాసినా ఎదుటివాణ్ణి బెంచీ ఎక్కించినట్టే ఉంటుంది. సరే, ఎక్కాను. విను.

కామేశాన్ని "ఆయన" అని రాశావు. నీ ఇష్టం. నా చేత ఆ మాట రాయించలేవు. గోదావరి జిల్లావాడు. వెదురుబద్దలా ఉండేవాడు. కళ్ళజోడు జారిపోకుండా దారంతో చెవులకు కట్టుకునేవాడు. ప్రతి మాటకు చివర "అండి" తగిలించేవాడు, సిపాయితో మాట్లాడినా సరే. ఆ వాలకం చూసి ఇతను సైన్యంలోకి వచ్చాడా, పెళ్ళిలో వడ్డించడానికి వచ్చాడా అనుకున్నాం. మొదటిరోజు నేను "ఏంది సార్" అన్నందుకు నవ్వాడు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. సినిమాల్లో మన యాస ఎవరికి పెడతారో నీకు తెలుసు కదా. జేబుదొంగకు, లేకపోతే తాగుబోతుకు. అలాంటి సినిమాలు చూసి పెరిగినవాడి నవ్వు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

జాఫ్నాలో మేం సెట్టులో హిందీ మాట్లాడినా, ఇంగ్లీషు మాట్లాడినా అవతలివాళ్ళు, ఆ తమిళ పులులు, వినేవాళ్ళు. మేం చేరేలోపు ఆ సందులో కాచుకుని ఉండేవాళ్ళు. రెండో రోజు ఒక్క సందులోనే నలుగురు పడిపోయారు. అప్పుడు కామేశానికి ఒక ఆలోచన వచ్చింది. కంపెనీలో లంబాడీలం ఇద్దరమే, మీ అన్నా నేనూ. ఇద్దరిదీ కురవి పక్కన ఒకటే తండా. సెట్టులో మన గోర్‌బోలి తప్ప ఇంకేమీ మాట్లాడొద్దన్నాడు. పట్నం మ్యాపు పరిచి వీధులకు మీ ఊళ్ళ పేర్లు పెట్టమన్నాడు. పెద్ద చౌరస్తా కురవి అయింది, రైలుకట్ట డోర్నకల్ అయింది, ఓడరేవు రోడ్డు గార్ల అయింది. మీ అన్న నవ్వుతూ పెట్టాడు ఆ పేర్లన్నీ. ఆ రోజు నుంచి అవతలివాళ్ళకు మా మాట అంతుపట్టలేదు. మాట్లాడింది మేం, తెలివిగలవాడన్న పేరు అతనికి. మన మాట అతనికి ఒక్క ముక్క రాదు. మెడకు సెట్టు వేలాడేసుకుని, అర్థమవుతున్నట్టు తలాడించేవాడు.

వీధుల్లో నడవనిచ్చేవాడు కాదు. ఒక ఇంటి గోడకు కన్నం కొట్టి పక్కింట్లోకి, ఆ ఇంటి గోడ కొట్టి ఇంకో ఇంట్లోకి. ప్రతి కన్నంలో ముందు తనే దూరేవాడు. జనగామ పిల్లలు దీన్ని ధైర్యం అనుకుంటారు. ఇళ్ళు దోచేవాళ్ళు కూడా కన్నంలో ముందు తలే పెడతారు. వాళ్ళకెవరూ మెడల్ ఇవ్వరు.

నాలుగో రోజు పొద్దున ఆరుగురు గాయపడ్డవాళ్ళతో ఒక ఇంట్లో చిక్కుకున్నాం. ముందు సందు ఉంది. అది దాటితే మనవాళ్ళు. మా వెనక మిద్దె మీద మెషిన్‌గన్‌తో మీ అన్న ఉన్నాడు, అవతలివాళ్ళను తల ఎత్తనివ్వడం లేదు. సెట్లు మూడు. అమర్ దగ్గరొకటి, నా దగ్గరొకటి, కామేశం దగ్గరొకటి. కామేశం గాయపడ్డవాళ్ళను దాటించి తనూ దాటిపోయాడు. అమర్‌ను దిగమని ఆర్డర్ ఇవ్వలేదు. నేను చివర దాటాను. ఆ తర్వాత మిద్దె పేలింది. అది పేలాక అప్పుడు పరుగెత్తుకెళ్ళి మోసుకొచ్చాడు, నలుగురూ చూస్తున్నారు కదా. మోకాలికి దెబ్బ తగిలింది. విచారణలో "సెట్టు పనిచేయలేదు, బాధ్యత నాదే" అని తన చేత్తోనే రాసిచ్చాడు. దొంగే ఒప్పుకున్నాక సాక్షిని ప్రశ్నించడం ఎక్కడైనా ఉందా?

సభకు వస్తాను. ఇరవై నాలుగేళ్ళు కడుపులో పెట్టుకున్నది కక్కేస్తాను. మీ అమ్మను, యాడిని, అడిగినట్టు చెప్పు.

అన్న,
ధన్‌సింగ్

*

మహబూబాబాద్,
10 సెప్టెంబర్ 2011

ధన్‌సింగ్ అన్నకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తిట్టడానికి కూర్చుని పొగిడినట్టుంది. ప్రతి కన్నంలో ముందు దూరేవాడు, ఆరుగురిని దాటించాడు, వెనక్కి వెళ్ళి మా అన్నను మోసుకొచ్చాడు. నువ్వు రాసిన దాంట్లోంచి నీ కోపం తీసేస్తే మిగిలేది ఇదే.

ఇంకోటి, చిన్నదే అనుకో. మన మాట ఒక్క ముక్క రాదని రాశావు. అది తప్పు. ఏటా దివాళీ మర్నాడు ఆయన మన తండాకు వస్తారు. నువ్వు ఆ రోజు ఎప్పుడూ రాలేదు కాబట్టి చూసి ఉండవు. నిప్పుల మీద నెయ్యి, బెల్లపన్నం వేసి పోయినవాళ్ళ పేర్లు పిలుస్తాం కదా. మా బా, నాన్న, పోయాక మా అన్న పేరు పిలిచే మగవాళ్ళు ఇంట్లో లేరు. అప్పటి నుంచి మేజరే పిలుస్తున్నారు, మన మాటలోనే. యాడితో కూడా మన మాటలోనే మాట్లాడతారు. గోర్‌బోలికి గోదావరి యాస కలిస్తే ఎలా ఉంటుందో నీకు చెప్పలేను. యాడి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతుంది. ఆయనకు కోపం రాదు.

కరపత్రం కుర్రాళ్ళు మళ్ళీ వచ్చారు. నా ఫోటో కూడా కావాలట. అమరుడి చెల్లెలు ఏడుస్తూ ఉన్న ఫోటో ఉంటే బాగుంటుందట. బయటికి నడవమన్నాను.

చెల్లె,
శోభ

*

భూపాలపల్లి,
16 సెప్టెంబర్ 2011

శోభకు,

సకల జనుల సమ్మె మొదలైంది. గనిలో పని ఆగింది. ఈ ఉత్తరం ఎప్పుడు చేరుతుందో తెలియదు. చేరగానే జవాబు రాయి.

కామేశం మన మాట ఎప్పుడు నేర్చుకున్నాడు? తండాకు రావడం మొదలుపెట్టాక యాడి దగ్గర నేర్చుకున్నాడా? లేక అంతకు ముందే వచ్చునా? ముందే అంటే జాఫ్నాకు ముందా, తర్వాతా? సరిగ్గా కనుక్కుని రాయి. యాడిని అడుగు. అతన్ని అడగొద్దు.

వేరే ఏం లేదు. ఊరికే తెలుసుకుందామని.

ధన్‌సింగ్

*

మహబూబాబాద్,
26 సెప్టెంబర్ 2011

ధన్‌సింగ్ అన్నకు,

ఊరికే తెలుసుకుందామని అడిగేవాడు ఒకే ప్రశ్నను నాలుగు రకాలుగా అడగడు. ఆయన్ని అడగొద్దన్నావు కదా, అందుకే వెళ్ళి ఆయన్నే అడిగాను.

బస్సులు లేవు. తొర్రూరు దాకా ఆటోలో వెళ్ళి, అక్కడి నుంచి మా తోటి టీచర్ ఉమారాణి స్కూటీ మీద పాలకుర్తి మీదుగా జనగామ చేరాను. మైదానం గోడ మీద "ఆంధ్ర మేజర్ గో బ్యాక్" అని తారుతో రాశారు. గోడకు ఇవతల ఇరవై మంది పిల్లలు పరుగెడుతున్నారు. ఆయన కర్ర కుర్చీలో వంగని కాలు చాపుకుని, నోట్లో ఈలతో కూర్చున్నారు. పిల్లలందరూ తెలంగాణ పిల్లలే. వాళ్ళలో ఒకడు గోడ మీది రాతను తుడుస్తానంటే, "ఎందుకండీ, తారు రుద్దితే మీ చేతులు పాడవుతాయి, రేపు పుల్అప్స్ ఉన్నాయి" అన్నారు.

మన మాట ఎప్పుడు నేర్చుకున్నారని అడిగాను. దాచలేదు. లోపలి నుంచి ఒక పాత నోటుబుక్కు తెచ్చి చూపించారు. తెలుగు అక్షరాల్లో మన మాటలు, పక్కన అర్థాలు. సగం ఆయన చేతిరాత, సగం మా అన్న చేతిరాత. ఓడ ఎక్కడానికి ఏడాది ముందు నుంచే, క్యాంపులో, రోజూ ఒక గంట. ఎందుకని అడిగాను. "నా మనుషులు ఇద్దరు మాట్లాడుకునేది నాకు అర్థం కాకపోతే, వాళ్ళు భయపడుతున్నారో లేదో నాకెలా తెలుస్తుందమ్మా?" అన్నారు. మరి ధన్‌సింగ్ అన్నకు ఎందుకు తెలియదంటే, అది మా అన్న కోరికట. ఒకరోజు ఉన్నట్టుండి మన మాటలో పలకరించి నిన్ను హడలగొట్టాలని ఇద్దరూ అనుకున్నారట. ఆ రోజు రాలేదు.

అప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చింది. సెట్లు మూడు అని నువ్వే రాశావు. మూడోది ఆయన దగ్గర ఉంది. ఆ పొద్దున మీరిద్దరూ సెట్టులో ఏం మాట్లాడుకున్నారో ఆయన విన్నారు. అదే అడిగాను. ఆయన ఈల జేబులో పెట్టుకుని, "సెట్టు చెడిపోయిందమ్మా" అన్నారు. ఇంకెన్నిసార్లు అడిగినా అదే మాట. సభ గురించి అడిగితే, పిలిస్తే వస్తాను, వెనక నిలబడి వింటాను అన్నారు. మీరేం చెప్పరా అంటే, చెప్పడానికేముంది అన్నారు.

ఒక మనిషి తన మీద తారు పూస్తున్నా నోరు విప్పడం లేదంటే ఎవరినో కాపాడుతున్నాడు. పోయిన మా అన్నకు కాపాడేవాళ్ళు అక్కర్లేదు. మిగిలింది ఎవరు?

మా అన్నకు నువ్వు సెట్టులో ఏం చెప్పావు?

శోభ

*

భూపాలపల్లి,
2 అక్టోబర్ 2011

శోభకు,

నాలుగు ఉత్తరాలు రాసి చించేశాను. ఇది చించకముందే పోస్టులో వేస్తాను.

కామేశం నాకు ఆర్డర్ ఇచ్చాడు. సందు దాటేముందు నా చెవి దగ్గర నోరు పెట్టి తెలుగులోనే చెప్పాడు. "మేం దాటగానే అమర్‌ని దిగమను. ఇద్దరూ కలిసి రండి. అటు నుంచి మేం కాపు కాస్తాం." ఇంకా నా భుజం తట్టి, "భయం వేస్తే వెయ్యనివ్వండి, కాళ్ళు మాత్రం ఆపకండి" అన్నాడు. వాళ్ళు దాటారు. గుమ్మం దగ్గర నేనొక్కణ్ణే మిగిలాను. సందు వెడల్పు పన్నెండు అడుగులుంటుంది. గుండ్లు తగిలి గోడ సున్నం రాలుతోంది. అటువైపు నుంచి కాపు కాస్తామన్నారు, కానీ మీ అన్న మిద్దె మీద నుంచి కాల్చినట్టు ఎవరూ కాల్చలేరు. అతను దిగితే ఆ కాల్పులు ఆగుతాయి. ఆగితే నేను దాటలేను. అప్పుడు నా బుర్రలో ఉన్నది అంతే. తండా లేదు, దోస్తీ లేదు.

అమర్ సెట్టులో మన మాటలోనే అడిగాడు. "అందరూ దాటిండ్రా? దిగాల్నా?" అని.

"ఇంక ఆర్డర్ రాలే. ఆడ్నే ఉండు, కొడ్తనే ఉండు" అన్నాను.

"సరే" అన్నాడు. ఎందుకని అడగలేదు.

అతను కాలుస్తుంటే నేను పరుగెత్తాను. అటు చేరాక పిలుద్దామనుకున్నాను. దేవుడి ముందు కూడా ఆ మాట చెబుతాను, కానీ నిజంగా అనుకున్నానా, తర్వాత అల్లుకున్నానా అన్నది ఇప్పుడు నాకే తెలియదు. పరుగులో సెట్టు బొత్తాం నా బొటనవేలి కింద నొక్కే ఉంది. ఒకరు బొత్తాం నొక్కి పట్టుకుంటే మిగతా ఇద్దరి మాట ఎవరికీ పోదు. సందు మధ్యలో కామేశం నాకు ఎదురొచ్చాడు. నేను ఇటు, అతను అటు. కళ్ళజోడు లేదు. తుపాకీ కూడా సరిగ్గా పట్టుకోలేదు. అప్పటికి మిద్దె ఇంకా పేలలేదు. నీకు పేలాక పోయాడని రాశాను, అది అబద్ధం. పేలకముందే పోయాడు. ఎందుకు వెనక్కి పోతున్నాడో ఆ రోజు నాకు అర్థం కాలేదు. పిచ్చివాడనుకున్నాను. నీ ఉత్తరం చదివాక అర్థమైంది. నా మాట విన్నాడు. సెట్టులో అమర్‌ను పిలిచి ఉంటాడు. నా వేలి మూలంగా ఆ పిలుపు పోలేదు. అందుకని కాళ్ళతో పోయాడు.

అతను మెట్లు ఎక్కుతుండగా పేలింది. మోకాలు అప్పుడే పోయింది. ఒంటి కాలితో అమర్‌ను భుజాన వేసుకుని మళ్ళీ ఆ సందే దాటాడు. మీ అన్న ఇంకో గంట బతికాడు. నేను దగ్గరికి పోలేదు.

విచారణలో నన్ను ఒక్కటే అడిగారు, ఆర్డర్ వచ్చిందా అని. రాలేదన్నాను. కామేశం పక్కనే ఉన్నాడు. నా వైపు చూడకుండా, సెట్టు పనిచేయలేదు, బాధ్యత నాదే అని రాసిచ్చాడు. తెలియక ఒప్పుకున్నాడనుకున్నాను. తెలివిలేనివాడని నవ్వుకున్నాను కూడా. ఆ తర్వాత ఎవరితో మాట్లాడినా అతన్ని తిట్టేవాణ్ణి. తిట్టిన కొద్దీ నాకు నిద్ర పట్టేది. జనగామ కుర్రాళ్ళు గేటు దగ్గరికి వచ్చి ఆంధ్ర ఆఫీసర్ల గురించి అడిగితే నోరు దానంతటదే తెరుచుకుంది.

నేను ఎలాంటివాణ్ణో రాయడానికి మంచి మాట దొరకడం లేదు. చెడ్డ మాటలన్నీ అతని మీద వాడేశాను.

సభకు రాను. బస్సులు లేవని, ఒంట్లో బాగాలేదని కబురు పెడతాను. నేను రాకపోతే సభ చప్పగా అయిపోయి వాళ్ళే మర్చిపోతారు. యాడికి మాత్రం చెప్పొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

ధన్‌సింగ్

*

మహబూబాబాద్,
5 అక్టోబర్ 2011

ధన్‌సింగ్‌కు,

అన్న అని రాయలేదు, చూశావు కదా. రాయబోతే చెయ్యి ఆగిపోయింది.

నీ ఉత్తరంలో చివరి నాలుగు వరుసలు నాకు ఎక్కువ అసహ్యం పుట్టించాయి. మిద్దె సంగతి కంటే ఎక్కువ. అప్పుడు నీకు ఇరవై రెండేళ్ళు, ముందు తుపాకులున్నాయి, భయపడ్డావు. భయపడ్డవాణ్ణి నేను తిట్టగలను, కానీ అర్థం చేసుకోగలను. ఇప్పుడేముంది నీ ముందు? ఒక మైకు. దానికీ ఒంట్లో బాగాలేదంటావు. అప్పుడు మా అన్నను మిద్దె మీద ఉంచి సందు దాటావు, ఇప్పుడు మేజర్‌ను సభలో ఉంచి భూపాలపల్లిలో పడుకుంటావు. నువ్వు రాకపోతే సభ చప్పగా అవుతుందనుకుంటున్నావా? కరపత్రం ఉంది, నీ పేరుంది. వాళ్ళకు నీ కంటే కరపత్రమే ముద్దు.

నీ ఉత్తరం నా దగ్గర ఉంది. చదివి వినిపించగలను. చదవను. నీ నోటితో చెప్పిన అబద్ధాన్ని నీ నోటితోనే తీసెయ్యాలి. బస్సులు లేకపోతే నడువు. భూపాలపల్లి నుంచి జనగామకు నూట నలభై కిలోమీటర్లకు మించదు. ఇది అందగానే బయల్దేరితే చేరతావు.

యాడికి చెప్పాలా వద్దా అన్నది నువ్వు నిర్ణయించేది కాదు.

శోభ

*

భూపాలపల్లి,
12 అక్టోబర్ 2011

శోభకు,

నేను వచ్చిన సంగతి నువ్వు చూశావు. వేదిక మీద నువ్వు నా పక్క కుర్చీలోనే ఉన్నావు, ఒక్కసారి కూడా తల తిప్పలేదు. నీకు తెలియనిది రాస్తాను.

పరకాల దాకా సైకిల్ మీద వచ్చాను. అక్కడి నుంచి ధాన్యం బండి, తర్వాత ఒక పెళ్ళివాళ్ళ జీపు. దారంతా ఏం చెప్పాలో కూడబెట్టుకున్నాను. మైకు దగ్గరికి వచ్చేసరికి అన్నీ పోయాయి. ముందు వరుసలో కరపత్రం వేసిన రవి, నా కోసం చప్పట్లు కొట్టిస్తున్నాడు. చివర, చాయ్ బండి పక్కన, కర్ర పట్టుకుని కామేశం సార్ నిలబడి ఉన్నాడు. సార్ అని రాశాను, అది కూడా చూడు.

"ఆర్డర్ ఇచ్చిండు. నేనే చెప్పలే. అమర్‌సింగ్‌ను మిద్దె మీద ఉంచింది నేను" అన్నాను. మూడు ముక్కలే. మూడోది సగంలో ఉండగా మైకు వైరు పీకేశారు. ఆంధ్రోడికి అమ్ముడుపోయిండని ఎవరో అరిచారు. చెప్పు ఒకటి భుజానికి తగిలింది. తర్వాత ఎవరు దించారో, ఏ సందులోంచి బయటపడ్డానో తెలియదు. సార్ ముందుకు వెళ్ళి కాళ్ళ మీద పడాలనుకున్నాను. కాళ్ళు అటు పోలేదు.

నేను దిగిపోయాక ఏం జరిగింది? సార్ ఏమన్నాడు? యాడికి చెప్పావా? తండాకు నేను ఇక రావొచ్చా? ఒక్క ప్రశ్నకు జవాబు రాసినా చాలు.

ధన్‌సింగ్

*

మహబూబాబాద్,
28 అక్టోబర్ 2011

ధన్‌సింగ్‌కు,

సమ్మె ఆగింది, దివాళీ అయింది, బడి తెరిచారు. ఇప్పుడు తీరిక దొరికింది.

నువ్వు దిగిపోయాక రవి మళ్ళీ వైరు తగిలించి మైకు నాకిచ్చాడు. ధన్‌సింగ్ తాగి వచ్చాడని చెప్పమని చెవిలో అన్నాడు. నేను లేచి, "ఇతను చెప్పింది నిజం. మా అన్న కోసం ఒంటి కాలితో నడిచొచ్చిన మనిషిని వెళ్ళగొట్టాలంటే ముందు మా అన్న ఫోటో నాకిచ్చేయండి" అన్నాను. సభ అయిపోయిందని ప్రకటించారు. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. తప్పయిందని ఇంకో కరపత్రం వేస్తారని నువ్వు ఆశపడకు, వాళ్ళు అప్పుడే వేరే పనిలో పడ్డారు. మైదానం నుంచి ఆయన్ను పొమ్మనడం మాత్రం మానేశారు. గోడ మీది తారు ఆయన దగ్గర పరుగెత్తే పిల్లలే గీకేశారు.

మేజర్ నన్ను మెచ్చుకుంటారనుకున్నాను. చాయ్ బండి దగ్గరికి వెళితే ఆయన మొహం ఎర్రగా ఉంది. ఆయనకు కోపం రావడం నేను మొదటిసారి చూశాను. "నన్ను వెళ్ళగొడితే ఇంకో ఊళ్ళో మైదానం దొరికేదమ్మా. ధన్‌సింగ్‌కి ఇంకో తండా ఎక్కడ దొరుకుతుంది?" అన్నారు. విచారణలో తప్పు తన మీద వేసుకుని రాసిచ్చింది కూడా అందుకేనట. ఒకే తండా, రెండు ఇళ్ళు. ఒక ఇంటికి కొడుకు పోయాడు, నిజం రాస్తే తండాలో రెండో ఇంటికి నీళ్ళు కూడా దొరకవు. "ఒకణ్ణి తేలేకపోయాను. రెండోవాడినైనా ఇంటికి చేర్చాలి కదా, వాళ్ళిద్దరూ నా మనుషులే" అన్నారు. నువ్వు ఇరవై నాలుగేళ్ళు తిట్టిన మనిషి సంగతి ఇది. నేను ఏమీ కలపలేదు.

నిన్న, దివాళీ మర్నాడు పొద్దున, నిప్పులు సిద్ధం చేశాక యాడికి చెప్పాను. మేజర్ వద్దని సైగ చేస్తున్నా చెప్పాను. నెయ్యి గిన్నె ఆమె చేతిలోనే ఉంది. కేకలు పెడుతుందనుకున్నాను. నిన్ను శపిస్తుందనుకున్నాను, నిజం చెప్పాలంటే శపించాలని కోరుకున్నాను. ఆమె మేజర్ వైపు తిరిగి ఒక్కటే అడిగింది, ఉండమని చెప్పింది ధన్‌సింగేనని నా కొడుక్కి తెలుసా అని. తెలుసమ్మా, గొంతు గుర్తుపట్టాడు, సరే అన్నాడు అని ఆయన చెప్పారు.

యాడి నెయ్యి పోసింది. మేజర్ మా అన్న పేరు పిలిచారు. పొగ తగ్గేదాకా ఆమె అలాగే కూర్చుంది. తర్వాత నీకు రాయమని ఒక మాట చెప్పింది. రాయనని రెండుసార్లు అన్నాను. మూడోసారి అడిగింది కాబట్టి రాస్తున్నాను. ఆమె అన్నది అన్నట్టుగా, తెలుగులో పెడుతున్నాను.

"ఇంకెవడన్న ఉండమంటే వాడు దిగొస్తుండె. ధన్‌సింగ్ అన్నడు గనుకనే ఉన్నడు. గంత నమ్మిండని వానికి రాయి."

శోభ